బరువు 63 కిలోలే, అయినా ఫ్యాటీ లివర్ ఎలా?

రివట:
మా తమ్ముడికి 34 ఏళ్లు. ఎత్తు 170 సెం.మీ., బరువు 63 కిలోలు, అంటే బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంతుందన్న లెక్క) 21.8. ఏ పెళ్లికెళ్లినా "ఏంట్రా ఇలా చిక్కిపోయావు" అనిపించుకునే మనిషి. కంపెనీవాళ్లు చేయించిన హెల్త్ చెకప్‌లో ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో కొవ్వు) 218, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 34, పరగడుపు షుగర్ 98, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 5.9, ఎస్‌జీపీటీ (కాలేయం పరీక్ష) 58 వచ్చాయి. స్కానింగ్‌లో గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్ అన్నారు. మందు ముట్టడు. ల్యాబువాళ్లే పొరపడ్డారా? ఐదు కిలోలు తగ్గితే అన్నీ సర్దుకుంటాయని రాత్రి అన్నం మానేసి రెండు చపాతీలు తింటున్నాడు. అసలే సన్నం, ఇంకా తగ్గాలా?

నడుంకొలత:
ల్యాబు తప్పు కాకపోవచ్చండి. ఈ అంకెలన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయి. బీఎంఐ ఎత్తుకు ఎన్ని కిలోలన్నదే లెక్కేస్తుంది. ఆ కిలోల్లో కండ ఎంతో, కొవ్వు ఎంతో, ఆ కొవ్వు ఎక్కడుందో దానికి తెలీదు. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఇద్దరు డాక్టర్లు తమ ఫొటోనే పక్కపక్కన వేసి చూపించారు. ఒకరు పుణెకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, ఇంకొకరు లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. అందుకే మనవాళ్లకు బీఎంఐ 23 దాటితేనే అధిక బరువు అంటారు, 25 వరకూ ఆగరు.

అసలు గొడవ కొవ్వు ఎంతుందన్న దానికంటే ఎక్కడుందన్న దానిది. చర్మం కింద ఉండే కొవ్వు గాదె లాంటిది. మిగిలిన శక్తిని అక్కడ పోసుకుంటే పెద్దగా హాని లేదు. గాదె చిన్నదైతే, పొంగిన ధాన్యం నట్టింట్లోకి వచ్చినట్టు, కొవ్వు కాలేయంలోకి, పేగుల చుట్టూ, క్లోమంలోకి చేరుతుంది. కాలేయం కొవ్వెక్కితే ఇన్సులిన్ మాట వినదు. పరగడుపున కూడా చక్కెర వదులుతూనే ఉంటుంది, ట్రైగ్లిజరైడ్లను రక్తంలోకి నెడుతుంది. హెచ్‌డీఎల్ పడిపోవడం దాని వెంటే వస్తుంది. లైపోడిస్ట్రఫీ అనే అరుదైన జబ్బులో చర్మం కింద కొవ్వు దాదాపు ఉండదు. చూడ్డానికి కండలు తేలి కనిపిస్తారు గానీ షుగరూ ఫ్యాటీ లివరూ తీవ్రంగా ఉంటాయి. గాదె లేకపోతే ఏమవుతుందో దానికంటే పెద్ద రుజువు అక్కర్లేదు.

ముందు నడుం కొలిచి చెప్పండి. ప్యాంటు సైజు చెప్పొద్దు. మనవాళ్లు ప్యాంటును బొడ్డు కిందకి దించి కడతారు, అది తుంటి కొలత. చొక్కా తీసేసి, పక్కటెముకల్లో చివరిదాన్ని, తుంటి ఎముక పైఅంచును వేలితో తడిమి పట్టుకోండి. ఆ రెండింటి మధ్యలో టేపు పెట్టాలి. నేలకు సమాంతరంగా ఉందో లేదో వెనకనుంచి ఇంకొకరు చూడాలి. మామూలుగా ఊపిరి వదిలాక కొలవాలి, పొట్ట లోపలికి పీల్చకుండా. టైలరు టేపు పాతదైతే సాగి ఉంటుంది, సాగిన టేపు నడుమును తక్కువ చూపిస్తుంది. ముందు స్టీలు స్కేలు పక్కన పెట్టి సరిచూడండి.

రివట:
కొలిచాం. రెండుసార్లూ 91 సెం.మీ. వచ్చింది. వేసుకునేది 32 ప్యాంటు!

నడుంకొలత:
అదీ సంగతి. మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 దాటకూడదు. నడుం ఎత్తులో సగం లోపు ఉండాలన్న లెక్క ఇంకా తేలిక. 170కి 85. ఆరు సెంటీమీటర్లు ఎక్కువ. పుల్లల్లాంటి కాళ్లూ చేతులూ, మధ్యలో కుండ.

పప్పుగిన్నె:
ఐదు కిలోల సంగతికి వస్తాను. సన్నగా ఉండి ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్లకు 3 నుంచి 5 శాతం తగ్గితే చాలంటారు. 63 కిలోల మనిషికి రెండు, మహా అయితే మూడు. కేవలం తిండి తగ్గించి దిగితే, పోయేదాంట్లో దాదాపు పావు వంతు కండే ఉంటుంది. అన్నం తిన్నాక రక్తంలోకి వచ్చే చక్కెరలో పెద్ద వాటాను పట్టుకునేది కండే. ఉన్న కాస్తా కరిగించుకుంటే కాటా మీద సంతోషం, రిపోర్టులో ఏడుపు. కాబట్టి మీ తమ్ముడు అన్నం మానడం కంటే కంచం మార్చడం ముఖ్యం.

ప్రొటీన్ లెక్క చూడండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క కిలో బరువుకు 0.83 గ్రాములు. కండ పెంచుకోవాలనుకునేవాళ్లు కనీసం 1 పెట్టుకోవడం మంచిది, అంటే ఇతనికి 63. మన ఇళ్లలో నలుగురికి 150 గ్రాముల కందిపప్పు ఉడికిస్తే మనిషికి 37 గ్రాములు, అందులో ప్రొటీన్ 8. పప్పుచారైతే ఇంకా తక్కువ, చింతపండు నీళ్లే ఎక్కువ. రోజుకు 250 గ్రాముల బియ్యం అనుకుంటే దాన్నుంచి 18, పావు లీటరు పెరుగు నుంచి 8. మొత్తం 34. "పప్పు, పెరుగు రోజూ తింటాం కదా" అనేవాళ్లంతా ఆగిపోయేది ఇక్కడే.

బియ్యాన్ని 250 నుంచి 170కి దించి (6 గ్రాములు తగ్గుతాయి), పప్పు ఇంకో 40 గ్రాములు (9), రెండు గుడ్లు (12), గుప్పెడు వేయించిన పల్లీలు, అంటే 30 గ్రాములు (7) కలిపితే 56కి, అంటే 63కి దగ్గరగా వస్తారు. గుడ్డు తినకపోతే ఎండు మీల్‌మేకర్ 25 గ్రాములు, దాదాపు 13. చేప, చికెన్ తినే రోజు ఈ లెక్కే అక్కర్లేదు.

టీ సంగతి ఎవరూ అడగరు. రోజుకు నాలుగు టీలు, ఒక్కోదాంట్లో రెండు చెంచాలు అంటే 40 గ్రాముల చక్కెర. చక్కెరలో సగం ఫ్రక్టోజ్, దాన్ని కొవ్వుగా మార్చేది ఎక్కువగా కాలేయమే. కూల్‌డ్రింకులు, పళ్లరసాలు కూడా అంతే, పండు కొరికి తింటే ఇబ్బంది లేదు. ట్రైగ్లిజరైడ్లు దీనికి త్వరగా దిగుతాయి, కొన్ని వారాల్లోనే తేడా తెలుస్తుంది.

బస్తా_మోసేవాడు:
నడక మంచిదే. తిన్న వెంటనే పది పదిహేను నిమిషాలు నడిస్తే షుగర్ అంతగా ఎగబాకదు. నడకతో కండ మాత్రం పెరగదు. వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు బరువు పని చేయించండి. జిమ్ అక్కర్లేదు, ఒక బ్యాక్‌ప్యాక్, లీటరు నీళ్ల సీసాలు చాలు. ఒక్కో సీసా కిలో. బ్యాగు ఛాతీకి హత్తుకుని కుర్చీలోంచి లేచి కూర్చోవడం, బల్ల అంచు పట్టుకుని పుషప్‌లు, ముందుకు వంగి బ్యాగును నడుం దాకా లాగడం. ఒక్కోటి 8 నుంచి 12 సార్లు, మూడు విడతలు. ఇంకో రెండు చేయగలను అనిపించే దగ్గర ఆపాలి. మూడు విడతల్లోనూ 12 వచ్చిన రోజు ఇంకో సీసా పెట్టాలి. చాలామంది తప్పేది ఇక్కడే: అవే ఇరవై గుంజీలు ఆర్నెల్లు తీస్తారు, ఒళ్లు అలవాటు పడిపోతుంది, కండ అక్కడే ఆగిపోతుంది.

ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లనీ చూడండి. చేతులు కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవడానికి 12 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే కండ బలం తగ్గినట్టే, మనిషి ఎంత సన్నగా ఉన్నా.

మైక్రోస్కోపు:
పైవాళ్లు చెప్పినదాంతో నాకు పేచీ లేదు, కానీ అంతా తిండి మీదే తోసేయకండి. సన్నగా ఉన్నవాళ్లలో ఫ్యాటీ లివర్, ఎస్‌జీపీటీ ఎక్కువ కనిపిస్తే హెపటైటిస్ బి, సి పరీక్షలు, థైరాయిడ్, వాడుతున్న మందులు (స్టెరాయిడ్లు ముఖ్యంగా) డాక్టరుగారు ఓసారి చూడాలి. గ్రేడ్ 1 అంటే చిన్నదని కొట్టిపారేయొద్దు, మామూలు అల్ట్రాసౌండ్‌కు కొద్దిపాటి కొవ్వు సరిగా కనబడదు.

పరగడుపు షుగర్ 98 చూసి ఊరట పడొద్దు. బక్కపలచని మనవాళ్లలో తరచూ దెబ్బతినేది తిన్న తర్వాతి షుగర్. 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటలకు చూసేది అడగండి. 140 దాటితే ప్రీడయాబెటిస్ (షుగర్‌కు ముందు దశ), 200 అయితే షుగరే. హిమోగ్లోబిన్ కూడా చూడండి. ఐరన్ తక్కువుంటే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువ చూపించొచ్చు.

ఇంకొకటి. ఏ ప్రయత్నమూ లేకుండా బరువు దిగిపోతూ, దాహం, మాటిమాటికీ మూత్రం ఉంటే అది ఈ కథ కాదు. టైప్ 1 షుగర్ (ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారవని రకం) కావచ్చు, టీబీ, థైరాయిడ్ కావచ్చు. వాంతులు, ఆయాసం తోడైతే ఆ రోజే కీటోన్ల (ఇన్సులిన్ చాలనప్పుడు రక్తంలో పేరుకునేవి) పరీక్ష చేయించాలి.

రివట:
చాలా థ్యాంక్సండీ. చపాతీల ప్రయోగం ఆపించాను. మళ్లీ టెస్టులు ఎప్పుడు?

మైక్రోస్కోపు:
ట్రైగ్లిజరైడ్లు ఆరు వారాలకే చూసుకోవచ్చు. 10–12 గంటలు ఏమీ తినకుండా వెళ్లాలి, ముందు రాత్రి బిర్యానీ విందులు వద్దు. హెచ్‌బీఏ1సీ మాత్రం మూడు నెలల తర్వాతే. ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది, ఈలోపు చేయిస్తే పాత షుగరే కనిపిస్తుంది. మొదట చేయించిన ల్యాబులోనే చేయించండి.

నడుంకొలత:
టేపు మాత్రం ప్రతి ఆదివారం, పొద్దున టిఫినుకు ముందు.