సమస్యాపూరణం: గొలుసు తెగినంత సైకిలు గురినిఁ జేరె

నిర్వాహకుని మాట

1989 అక్టోబరు 5న వచ్చిన ‘శివ’ 4కే చిత్రంతో, డాల్బీ అట్మాస్ ధ్వనితో 2025 నవంబరు 14న మళ్లీ థియేటర్లకు వచ్చింది. ఈసారి సమస్య ఆ సినిమాలో కాలేజీ విద్యార్థి శివ (నాగార్జున) సైకిలు గొలుసు తెంచి తిరగబడే ఘట్టం నుంచే.

గొలుసు తెగినంత సైకిలు గురినిఁ జేరె

ఇది తేటగీతి పాదం. గురువు (బరువైన అక్షరం), లఘువు (తేలిక అక్షరం) కలిసిన కూర్పులే గణాలు. ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు: గొలుసు – తెగినంత – సైకిలు – గురినిఁ – జేరె. యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ ఉండే పొత్తు) గొ–గు. ప్రాస (పాదాల రెండో అక్షరం ఒకటిగా ఉండడం) నియమం లేదు. గొలుసు తెగితే సైకిలు ఆగిపోవాలి గానీ గురిని ఎలా చేరుతుంది? ఆ చిక్కు మొదటి మూడు పాదాల్లో విడిపోవాలి.

ఏలూరు సభ్యుని పూరణ

శివుని పిడికిట నాయుధ శ్రేణిఁ జేరి
జేడి వర్గము నెదిరించి చెలఁగునపుడు
తొక్కు పని మాని కొట్టెడి తూఁపు గాఁగ
గొలుసు తెగినంత సైకిలు గురినిఁ జేరె.

నిర్వాహకుడు: నడక చక్కగా ఉందండీ. ‘శివుఁడు’ అనగానే పాఠకుడి మనసు కైలాసానికి వెళ్తుంది. రెండో పాదంలో కాలేజీ రౌడీ ‘జేడి’ పేరు పెట్టడంతో కాలేజీలోకి దిగివస్తుంది. సందర్భాన్ని అలా ఒక్క పేరుతో కట్టడం బాగుంది. ‘ఆయుధశ్రేణి’ సమాసం కాబట్టి ‘ధ’ గురువవుతుంది, ‘నాయుధ’ రగణమై (గురువు, లఘువు, గురువు) నిలుస్తుంది. అక్కడ దోషం లేదు.

ఇబ్బందల్లా ‘తూఁపు’తోనే. తూపు (బాణం) వింటిని వదిలి పోతుంది. సినిమాలో గొలుసు చేతిని వదలదు, పిడికిలికి చుట్టుకుని ఉంటుంది. నాగార్జున ఆ గొలుసుతో నిలబడ్డ భంగిమకు బలం అందులోనే ఉంది. మూడో పాదాన్ని ఇలా మార్చి చూడండి:

తొక్కు పని మాని చేతికిఁ దొడుగు గాఁగ

తొ–దొ యతి కుదురుతుంది, చిత్రం కూడా నిజమవుతుంది.

గుంటూరు సభ్యురాలి పూరణ

కాలేజీ గేటు ముందర గలభ రేఁగ
లింకు పట్టును సడలించి లేపి లాగఁ
బంటి చక్రముఁ బాసెను బలిమి కొలఁది;
గొలుసు తెగినంత సైకిలు గురినిఁ జేరె.

నిర్వాహకుడు: అమ్మా, మొదటి పాదం ఆరంభంలోనే గణం తప్పింది. ‘కాలే’ రెండు గురువులు. సూర్యగణం గలమైనా (గురువు, లఘువు) కావాలి, నగణమైనా (మూడు లఘువులు) కావాలి. ‘కాలేజి’ తగణం కనుక రెండో మూడో గణంగా వాడుకోవచ్చు, మొదట మాత్రం ఇమడదు. ఇలా అనవచ్చు:

కళలు నేర్చెడి గుడియందుఁ గలహ మొదవ

రెండు, మూడు పాదాల్లో ఎక్కడా తప్పు లేదు.

సైకిళ్ల పని తెలిసిన సభ్యుడు: రెండో పాదంలో ‘లింకు’ అన్న మాట చాలా సరైనది. దాని గురించి కాస్త చెబుతాను. వెనక చక్రం నట్లు వదులై చైను సాగితే పెద్ద పళ్ల చక్రం మీంచి జారి ఊడుతుంది. మామూలు నల్ల సైకిలుకి అది రోజూ ఉండే బాధే. కానీ అలా ఊడిన గొలుసు చేతికి రాదు. వెనక చక్రాన్ని పట్టుకునే ఫ్రేము గొట్టం చుట్టూ అది వలయంలా తిరిగి ఉంటుంది, కాబట్టి అక్కడే వేలాడుతుంది. బయటికి రావాలంటే ఎక్కడో ఒక లింకు విడిపోవాల్సిందే.

ఆ చైనులో ఒక పిన్నుకీ పక్క పిన్నుకీ మధ్య అర అంగుళం, వెడల్పు 1/8 అంగుళం. రెండు కొసలనూ ఒక జాయింటు లింకు కలుపుతుంది. దాని మీద చిన్న స్ప్రింగు క్లిప్పు ఉంటుంది. క్లిప్పు మూసిన కొస చైను నడిచే దిక్కుకు ఉండాలి. తిరగేసి పెడితే నడుస్తుండగా ఏదైనా తగిలి ఎగిరిపోతుంది, అప్పుడు చైను ‘తెగినట్టే’ జారిపోతుంది. క్లిప్పు గట్టిగా ఉన్న మంచి చైనును ఏ మనిషీ వట్టి చేతులతో తెంపలేడు. అందుకే ‘లింకు పట్టును సడలించి’ అన్నాకే ‘లాగ’ అనడం పనితనానికి సరిపోయింది. సమస్యలో ‘ఊడినంత’ అని కాక ‘తెగినంత’ అని ఇవ్వడం కూడా న్యాయమే.

నిర్వాహకుడు: ఈ వివరం పద్యానికి బలమిచ్చింది. అయినా ఒక లోటు మిగిలింది. గొలుసు ఎలా తెగిందో మూడు పాదాల్లో విడమరిచారు, సైకిలు ఎలా గురి చేరిందో చెప్పలేదు. గొలుసు శివ చేతికి పోయింది, సైకిలు మాత్రం స్టాండు మీదే నిలబడి ఉంది. సమస్యలో అసలు ముడి ‘సైకిలు’ అన్న మాటలో ఉంది. పూరణలు చాలావరకు గొలుసు దగ్గరే ఆగిపోతున్నాయి. ఏలూరు వారి పద్యానికీ కొంతవరకు ఇదే మాట.

వరంగల్లు సభ్యుని పూరణ

బలము గల యా భవానికి బలగమైన
యంచెలంచెలఁ బేర్చిన యనుచరులను
ఒక్కొకని దూరముగఁ దోలి యొంటిఁ జేయ;
గొలుసు తెగినంత సైకిలు గురినిఁ జేరె.

నిర్వాహకుడు: గొలుసును సినిమాలోని రౌడీ నాయకుడు భవాని ముఠాగా తీసుకోవడం ఇంతవరకు వచ్చిన ఊహల్లోకెల్లా లోతైనది. సినిమా నడక కూడా అదే. చైనుతో మొదలైన తగాదా కాలేజీ గేటు దాటి, ఒక్కో అంచె దాటుకుంటూ చివరికి భవాని దాకా వెళ్తుంది. ‘భవాని’ జగణం కనుక పాదం మొదట పెట్టలేం. ‘గల యా భ’ అని సలగణంలో ‘భ’ను కలిపి, ‘వానికి’ని భగణంగా విడదీసిన తీరు నేర్పుగా ఉంది.

రెండు సవరణలు కావాలి. ‘అనుచరులను’ తర్వాత ‘ఒక్కొకని’ అనడం విసంధి (సంధి చేయకుండా వదిలిన దోషం), ‘నొక్కొకని’ అనాలి. రెండోది, ఇందులో కూడా సైకిలు ఎవరో తెలియదు. సైకిలు మీద కాలేజీకి వచ్చే కుర్రవాడినే సైకిలు అంటున్నారనుకోవాలంటే, ఆ కుర్రవాణ్ణి సూచించే మాట ఒక్కటైనా ఉండాలి.

వరంగల్లు సభ్యుడు: ధన్యవాదాలండీ. మూడో పాదం పూర్తిగా మార్చాను:

విడిగఁ జేసి విద్యార్థియే వేఁట నెగ్గె;

నిర్వాహకుడు: ఇప్పుడు కుదిరింది. ‘జేసి’ తర్వాతి ‘వి’ సంయుక్తాక్షరం ముందుండి గురువైంది, రగణం. ‘ద్యార్థియే’ మరో రగణం. వి–వే యతి. ముఠా అనే గొలుసు తెగింది, విద్యార్థి అనే సైకిలు గురి చేరింది. విరోధం పూర్తిగా పోయింది. ఈ సమస్యకు నాకు నచ్చిన పూరణ ఇదే.

బెంగళూరు సభ్యుడు (ఒక్క పాదమే పంపారు)

రఘువరను కంటిచూపులో భయము గలదు

నిర్వాహకుడు: ర–భ యతి చెల్లదు. ‘భయము గలదు’ బదులు ‘రగులు సెగలు’ అంటే యతి సరిపోతుంది. అయితే కథ చెప్పే పద్యంలో నటుడి పేరు (రఘువరన్) కన్నా పాత్ర పేరు (భవాని) మేలు. మిగతా పాదాలు కూడా పంపండి.

హైదరాబాదు సభ్యుని పూరణ

పట్టు విడనాడి పట్టాలఁ బాసినట్టి
కొత్త కెమెరాకు దారియై గొందులెల్ల
వెంటఁ బరుగెత్తఁ బాపతో వీథులందు
గొలుసు తెగినంత సైకిలు గురినిఁ జేరె.

నిర్వాహకుడు: అన్నకూతురిని ముందు కూర్చోబెట్టుకుని శివ సైకిలు తొక్కుతుంటే రౌడీలు కారులో తరిమే ఘట్టం. స్టెడీక్యామ్‌ను (ఒంటికి కట్టుకుని, పట్టాలు లేకుండానే కుదుపు లేకుండా తీసే కెమెరా సాధనం) మన సినిమాకు బాగా పరిచయం చేసిన చిత్రం కూడా ఇదే కాబట్టి ఊహ మంచిదే. కానీ అన్వయం జారింది. చదివితే గొందులే పరుగెత్తినట్టుంది. ‘గొలుసు’ అంటే కెమెరాను కట్టిపడేసిన పట్టాలని తెలియాలంటే ‘బంధం’ అన్న మాట కావాలి.

కెమెరా విభాగం తెలిసిన సభ్యుడు: ‘పరుగెత్త’ కూడా మార్చాలి. ఒంటికి కట్టుకున్న జాకెట్టు, స్ప్రింగులున్న చేయి, కెమెరా, కింద బరువుగా ఉండే బ్యాటరీ, మానిటరు అన్నీ కలిపితే 20 కిలోలు దాటుతుంది. అంత బరువుతో సైకిలు వెంట మనిషి ఎక్కువసేపు పరుగెత్తలేడు, వాహనం ఎక్కాల్సిందే. తూకం కూడా సున్నితం. కెమెరా స్తంభాన్ని అడ్డంగా వంచి వదిలితే నిలువుకు రావడానికి 2–3 సెకన్లు పట్టాలి. అంతకన్నా త్వరగా లేచిందంటే అడుగున బరువు ఎక్కువైనట్టు. అప్పుడు మలుపు తిరిగినప్పుడల్లా, ఆగినప్పుడల్లా చిత్రం లోలకంలా ఊగుతుంది. పైగా ఫిల్ము కెమెరాల్లో రీలు ఒక వైపు నుంచి మరో వైపుకు చుట్టుకునే కొద్దీ తూకం మారుతుంటుంది. రీలు మార్చిన ప్రతిసారీ మళ్లీ చూసుకోవాలి.

హైదరాబాదు సభ్యుడు: ఇద్దరికీ నమస్కారాలు. సవరించిన పద్యం:

పట్టు విడనాడి పట్టాల బంధమూడఁ
గొత్త కెమెరాయె యిఱుకైన గొందులందు
వెంటఁ గదలెను బాపతో వెడలు శివుని;
గొలుసు తెగినంత సైకిలు గురినిఁ జేరె.

నిర్వాహకుడు: అన్వయం కుదిరింది. ‘శివుని వెంట’ రెండు కొసలకూ విడిపోయినా అర్థం చెడలేదు. ‘పట్టు విడనాడి’కి మాత్రం కర్త ఎవరో ఇంకా తేలలేదు. పట్టు విడిచింది కెమెరానా, పట్టాలా? మొదటి రెండు గణాలు మళ్లీ రాయండి. ‘పట్టాల బంధమూడ’ను కదపకండి, ప–బ యతి దాని మీదే నిలిచి ఉంది.