‘నిరీక్షణ’, ‘కనిపెట్టుట’: 130వ కీర్తన కష్టంలో ఉన్న ఇంట

పర్లాకిమిడి, సండే స్కూల్ టీచరు:
అందరికీ వందనాలు. ఒడియా మీడియంలో చదివే మన పిల్లలకు ‘నిరీక్షణ’ అనగానే తనిఖీ గుర్తొస్తోంది. ‘యెహోవాకొరకు నేను కనిపెట్టుకొనుచున్నాను’ అంటే దేవుణ్ణి కనుక్కున్నానని అర్థం చెబుతున్నారు. వచ్చే వారం చావు జరిగిన ఇంట్లో ప్రార్థన కూడికకు ఈ కీర్తనే అనుకున్నాం. ఎలా విప్పి చెప్పాలి?

గుణుపురం:
టీచరమ్మా, ముందు విభక్తి చూపించండి. ‘దొంగను కనిపెట్టాడు’ అంటే పసిగట్టాడు. ‘రోగిని కనిపెట్టుకొని ఉంది’ అంటే దగ్గరుండి చూసుకుంటోంది. ‘యెహోవాకొరకు’ అని ‘కొరకు’ చేరింది గనక ఇక్కడ ఎదురుచూడటం. మూడింటిలోనూ మెలకువ ఉంది. అందుకే ఈ చోట ఈ మాటే బలమైనదని నా అభిప్రాయం. హీబ్రూలో ఇదే క్రియ, ‘కావా’, యెషయా 40:31లోనూ ఉంది. అక్కడ మన బైబిలు ‘ఎదురు చూచువారు’ అంది.

6వ వచనంలో ఉదయం కోసం కనిపెట్టే కావలివారిని పిల్లల ముందు పెట్టండి. తెల్లవారడం కావలివాడి చేతిలో లేదు, అయినా తెల్లవారుతుందా అన్న సందేహం వాడికి లేదు. నిరీక్షణ అంటే ఆ నిశ్చయం. ‘ఏమో, జరుగుతుందేమో’ అనే ఆశకు ఆ బరువు లేదు.

బరంపురం:
ఒడియా సంగతి ఒకటి కలుపుతాను. అక్కడ ‘అపేక్షా’ అంటే ఎదురుచూడటం, తెలుగులో అపేక్ష అంటే కోరిక. మనకు నిరీక్షించడం ఎదురుచూడటం, వాళ్లకు నిరీక్షణ పరిశీలన. గజపతి జిల్లా పిల్లలకు ‘నిరీక్షక’ అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టరు (ఆర్‌.ఐ.), రాజస్వ నిరీక్షకుడే. తప్పు పిల్లలది కాదు. ఇవన్నీ ‘ఈక్ష్’, అంటే చూడటం, అనే ధాతువు నుంచే వచ్చాయి, పరీక్ష కూడా. రోమా 5:4లో ‘ఓర్పు పరీక్షను, పరీక్ష నిరీక్షణను’ అన్నప్పుడు రెండు మాటల్లోనూ ఆ చూపే ఉంది. అక్కడ పరీక్ష అంటే బడి పరీక్ష కాదు. శోధనకు నిలిచి, నిజమని తేలిన గుణం. ఇది చెప్పకపోతే ‘దేవుడు మార్కులు వేస్తున్నాడు’ అని బిడ్డను పోగొట్టుకున్న తల్లి అనుకునే ప్రమాదం ఉంది.

పర్లాకిమిడి:
మేలు, మాస్టారూ. మరి చదవడం? 5వ వచనం నుంచి మొదలుపెట్టవచ్చా?

గుణుపురం:
వద్దమ్మా. ఇది యాత్రకీర్తన, అంటే యెరూషలేముకు వెళ్లే యాత్రికుల పాట, మొత్తం ఎనిమిదే వచనాలు. 1, 2 మొఱ్ఱ. 3, 4 క్షమాపణ. 5, 6 కనిపెట్టడం. 7, 8లో ఇశ్రాయేలంతటినీ పిలవడం. ‘అగాధస్థలములలోనుండి’ అన్న మొదటి మాట దాటేసి నిరీక్షణ చెబితే, ఏడుస్తున్న వాళ్లకు మన మాట ఓదార్పులా వినబడదు, ఏడవొద్దన్నట్టు వినబడుతుంది. ముందు మొఱ్ఱ పెట్టనివ్వాలి. చివరి రెండు వచనాలూ వదలకండి. ఒక్కరి ప్రాణంగా మొదలైన మాట అక్కడ జనమంతటిదీ అవుతుంది. కూడిక పెట్టేదీ అందుకే కదా.

6వ వచనంలో ‘కావలివారు ఉదయముకొరకు’ అన్నది రెండుసార్లు వస్తుంది. అచ్చుతప్పనుకుని చాలామంది రెండోది మింగేస్తారు. హీబ్రూలోనూ అది రెండుసార్లే ఉంది, రెండూ చదవాలి. ‘కనిపెట్టుటకంటె ఎక్కువగా’ దగ్గర కొంచెం ఆగి, తర్వాత ‘నా ప్రాణము’ అనండి. ‘కంటె’ దగ్గర తెగ్గొడితే పోలిక విరిగిపోతుంది. హీబ్రూలో ఈ వచనానికి క్రియే లేదు, ‘నా ప్రాణము ప్రభువుకు, కావలివారు ఉదయానికి కంటె’ అన్నట్టు ఉంటుంది. ‘కనిపెట్టుచున్నది’ అని తెలుగు పూరించింది.

బరంపురం:
ఆ ఇంట్లోవాళ్లను మాత్రం చదవమనకండి. నోట మాట రానివాళ్ల బదులు సంఘం చదువుతుంది. ప్రసంగం అక్కర్లేదు. పిల్లలకు చెప్పే విభక్తి పాఠం ఆదివారం బడిలోనే చెప్పండి.