కలండనెడువాడా, కలండన్నవాడా?

లంక ఇల్లు:
గజేంద్రమోక్షంలోని ‘కలడందురు దీనుల యెడ’ కందపద్యం చివరి పాదం రెండు రోజులుగా నన్ను వదలడం లేదు. మా అమ్మమ్మ ఊరు గోదావరి పాయ వైనతేయ పక్కన ఒక లంక, అంటే ఏటి దిబ్బ మీది ఊరు. గోదావరి పెరిగినప్పుడు అరుగు మీద కూర్చుని, మునిగిన మెట్లు లెక్కపెడుతూ ఈ పద్యం చదివేది. నా చెవిలో ఉన్నది ‘కలడు కలండన్నవాడు కలడో లేడో’. అచ్చు పుస్తకంలో ‘కలండనెడువాడు’ అని ఉంది. ‘అన్న’ పాఠం ఎవరైనా విన్నారా? లేక ఆవిడ నోట మారిందా?

కందం:
మారింది. ‘అన్న’ పెడితే గణం చెడుతుంది. ‘లండన్న’కు ఐదు మాత్రలు, కందంలో గణానికి నాలుగే. పోతన అలా రాయడు.

కోటిపల్లి రేవు:
అక్కడ ఎందుకు విరిచారు మాస్టారూ? గలడుగ – లండ – న్నవాడు – గలడో – లేడో. ‘న్న’ ముందున్న ‘డ’ గురువు కాబట్టి ‘లండ’ గగం, అంటే రెండు గురువులు. ‘న్నవాడు’ జగణం (లఘువు, గురువు, లఘువు), మూడో పాదంతో కలిపి లెక్కిస్తే వచ్చే ఆరో గణానికి కావలసినదే. యతి ‘గలడో’ దగ్గర చక్కగా పడింది. పుస్తకంలోనిదీ నిలుస్తుంది: లండనె – డువాడు. ఛందస్సు రెండింటినీ ఒప్పుకుంటోంది. ఇక తేల్చవలసింది అర్థమే.

కందం:
నిజమే, నేను తప్పు చోట విరిచాను. అయినా నా మొగ్గు ‘అనెడు’ వైపే. ‘అందురు, అందురు, అందురు’ అని మూడుసార్లు వచ్చాక నాలుగోది కూడా జరుగుతూ ఉన్న మాటే కావాలి. అంతలోనే ‘అన్న’ అని భూతకాలం ఎందుకు?

అంతర్వేది దారి:
ఎందుకో నాకు తెలుసనిపిస్తోంది. కలడని ఒకసారి గట్టిగా అన్నవాడు ప్రహ్లాదుడు. ‘ఇందుగలడందు లేడని సందేహము వలదు’ అన్నది సప్తమ స్కంధంలో, ఈ ఏనుగు మొర అష్టమంలో. ‘సందేహం వద్దన్నావే, ఆ మాట అన్నవాడివి ఇప్పుడెక్కడ’ అని అడిగినట్టు ఉంది. నరసింహస్వామి తీర్థానికి ఏటా వెళ్లే కోనసీమ ఇంట్లో ఆ పాఠం పుట్టడంలో వింత లేదు.

కోటిపల్లి రేవు:
ప్రహ్లాదుడి సంగతి ఏనుగుకు ఎలా తెలుస్తుంది?

అంతర్వేది దారి:
ఏనుగుకు తెలియనక్కరలేదు. వరుసగా వింటూ వచ్చినవాళ్లకు తెలుసు కదా.

గౌతమి గట్టు:
ఇద్దరూ ఒకటి వదిలేశారు. ‘అన్నవాడు’ అంటే మాట అన్నవాడే కానక్కరలేదు. ‘నేను చూసిన మొసలి’, ‘నన్ను చూసిన మొసలి’: రెండింటిలోనూ ‘చూసిన’ ఒక్కటే, పక్క మాటే తేడా చెబుతుంది. కాబట్టి ‘కలడన్నవాడు’ ఎవరి గురించి అన్నారో అతడూ కావచ్చు. ‘అనెడువాడు’కూ ఇదే వర్తిస్తుంది. ఈ అక్షరం మీద పోట్లాట అక్కడితో సగం తీరింది.

నన్ను పట్టుకున్నది మరొకటి. ‘నువ్వు చూసిన మొసలి పెద్దదా’ అంటే ‘పెద్దది కాదు’ అన్నా మొసలిని చూసిన సంగతి చెక్కుచెదరదు. మాట నోట పడకముందే ఒప్పేసుకున్నట్టు లోపల కూర్చునే ఇలాంటి సంగతిని నేను పూర్వభావన అంటాను. ‘ఫ్రాన్స్ రాజుది బట్టతల’ అనే వాక్యం మీద తత్త్వవేత్తలు 1905లో రసెల్, 1950లో స్ట్రాసన్ తగువు పడ్డది దీని గురించే: లేని రాజు గురించి అంటే అది అబద్ధమా, లేక నిజం, అబద్ధం అనే ప్రశ్నే రాదా? ఇక్కడ పోతన ‘ఉన్నవాడు ఉన్నాడో లేడో’ అనలేదు. అలా అంటే ప్రశ్న దానంతట అదే పడిపోతుంది. మధ్యలో ‘అనెడు’ పెట్టి, ఉనికిని లోకుల నోటికి అప్పగించాడు. భాషాశాస్త్రవేత్త కార్టునెన్ 1973లో ‘అను’ లాంటి క్రియలను బిరడాలతో పోల్చాడు: లోపలి పూర్వభావన వాటిని దాటి బయటికి కారదు.

లంక ఇల్లు:
‘అట’ కూడా బిరడాయేనా? ‘గోదావరి తగ్గిందట’ అంటే నా పూచీ లేదు.

గౌతమి గట్టు:
తగ్గడం వరకు పూచీ లేదమ్మా. పెరిగిందన్న సంగతి మాత్రం ‘తగ్గింది’లోంచి కారిపోతోంది చూడండి. ధవళేశ్వరం దగ్గర 13.75 అడుగులకు రెండో హెచ్చరిక ఇస్తారు కదా. ఓసారి హైదరాబాదులో ఉన్న అన్నయ్యకు ఫోను చేసి ‘టీవీలో చూసి చెప్పు, రెండో హెచ్చరిక తీసేశారా?’ అని అడిగాను. అవతల కాసేపు మాట లేదు. తరవాత ‘ఎప్పుడు ఇచ్చారు? మీరు మేడ మీదికి వెళ్లారా?’ అన్నాడు. నేను వరద వచ్చిందని చెప్పలేదు. ‘తీసేశారా’ అన్న మాటను సరిగ్గా వినాలంటే ఆయన దాన్ని తనంతట తాను ఒప్పుకోవలసి వచ్చింది. తత్త్వవేత్త లూయిస్ 1979లో రాసిన సర్దుబాటు ఇదే. మా వీధిలో అదే ప్రశ్న వేస్తే ‘ఇంకా లేదు’ అని ఊరుకునేవారు.

కందం:
అలాగైతే తరవాతి సీసం చూడాలి. ‘కలుగడే నాపాలి కలిమి సందేహింప, కలిమిలేములు లేక కలుగువాడు’. ‘అనెడు’ పోయింది, నేరుగా ‘కలుగువాడు’! వెంటనే ‘అడ్డపడెడువాడు’, ‘చూచువాడు’. కందంలో లోకుల మీద వేసిన ఉనికిని సీసంలో ఏనుగు తానే నెత్తికెత్తుకుంది. ప్రశ్న ఇప్పుడు ఉన్నాడా అని కాదు, నా పాలికి ఉండడా అని. ఇన్నేళ్లు చదివి, ఆ ‘అనెడు’ జారిపోవడం నేను గమనించనేలేదు.

కోటిపల్లి రేవు:
‘రావే యీశ్వర’ దగ్గరికి వచ్చేసరికి ఏకంగా పిలుపే. వినేవాడు లేకుండా ‘రావే’ అనలేం.

అంతర్వేది దారి:
‘అన్న’ పాఠం సంగతి ఎవరూ తేల్చలేదు.

లంక ఇల్లు:
ఇప్పుడే పిన్నికి ఫోను చేశాను. అమ్మమ్మ అన్నది ‘అన్న’ కాదు, ‘అనెడు’ కాదు, ‘కలడు కలండంటగాని కలడో లేడో’ అని అంటోంది. నాలుగో మెట్టు మునిగాక ఆ పాదం ఒక్కటే మళ్ళీ మళ్ళీ అనేదట.

కందం:
‘అంటగాని’... లండం – టగాని. ఆరో గణం జగణమే అవుతోంది. ఆగండి, మళ్ళీ లెక్కపెడతాను.