ఫ్యాక్టర్ ట్రీయా, భాగహారమా?

మారతహళ్లి నాన్న: మా అపార్ట్‌మెంట్‌లో ఆదివారాలు ఆరో తరగతి తెలుగు పిల్లలకు లెక్కలు చెబుతున్నాం. ఈ వారం ప్రధాన కారణాంకాలు, అంటే సంఖ్యను ప్రైమ్‌ల (ప్రధాన సంఖ్యల) లబ్ధంగా విడగొట్టడం. కొమ్మలు వేసి విడగొట్టే ఫ్యాక్టర్ ట్రీ (చెట్టు) గానీ, వరసగా ప్రైమ్‌లతో భాగించడం గానీ, ఏదో ఒక పద్ధతే నేర్పుదామంటున్నారు. ఏది?

లెక్కల అయ్యవారు: భాగహారమే. చెట్టులో అంకెలు జారిపోతాయి. 360ని 36, 10గా విడగొడతారు. 36 కింద 4, 9. 10 కింద 2, 5. ఆపైన 4 కింద 2, 2, 9 కింద 3, 3. అట్టడుగున కనిపించేవి 2, 2, 3, 3. పిల్లాడు అవే రాసేసి ఊరుకుంటాడు. పై వరుసలో ఆగిన 2, 5 కంటికి ఆనవు. భాగహారంలో నిలువు గీత పక్కన 2, 2, 2, 3, 3, 5 వరసగా ఉంటాయి, కింద 1 వస్తే పని అయినట్టే.

సంఖ్యాప్రియ: అది గీయడంలో తప్పండి, చెట్టుది కాదు. ప్రైమ్ రాగానే సున్నా చుట్టి, కింది వరుసకు అలాగే దించమనండి. ఆరూ ఒకే వరుసలో ఉంటాయి. మీ పద్ధతిలో 1764 చేయండి: 882, 441, 147, 49, 7, 1. ఆరు భాగహారాలు. 42 × 42 అని తట్టినవాడు 42ని ఒక్కసారి విప్పితే 2, 3, 7. జవాబు 2² × 3² × 7².

హెబ్బాళ వాసి: 7 కింద 7, 1 అని కొమ్మలు వేస్తుంటే?

సంఖ్యాప్రియ: 1 ప్రైమ్ కాదు, చెట్టులో దానికి చోటు లేదు. వేస్తే ఆ కొమ్మకు అంతుండదు.

లెక్కల అయ్యవారు: 42 ఎంతమందికి తడుతుంది మేడమ్? మిగతావాళ్లు 91 దగ్గర ప్రైమ్ అని ఆపేస్తారు.

సంఖ్యాప్రియ: 182 ఇవ్వండి, మీ భాగహారంలోనూ 91 దగ్గరే ఆపుతారు. 10 × 10 అంటేనే 91 దాటింది, కాబట్టి 2, 3, 5, 7 చూస్తే చాలు. 7 × 13. ఏ పద్ధతికైనా ఇది నేర్పాల్సిందే.

హెబ్బాళ వాసి: మావాడు 360కి 5 × 3² × 2³ అని రాస్తే బడిలో అరమార్కు కోశారు. విలువ అదేగా!

లెక్కల అయ్యవారు: అందుకే ఒకే వరస ఉండాలంటున్నా. 360కి ముప్పై పుస్తకాల్లో ముప్పై రకాల చెట్లుంటే ఎవరు దిద్దుతారు? గంటన్నర క్లాసు, దిద్దేది నేనొక్కణ్ణే!

సంఖ్యాప్రియ: ఇదీ అసలు సంగతి. ముందే చెప్పాల్సింది సార్. కానీ ముప్పై చెట్లూ అవే ఆరు అంకెలకు చేరడమే ఈ పాఠం! సరిసంఖ్యలు తప్ప వేరే సంఖ్యలే లేవనుకోండి. 36 = 6 × 6, 36 = 2 × 18. 2, 6, 18లో ఏదీ రెండు సరిసంఖ్యల లబ్ధం కాదు. రెండు చెట్లు, వేర్వేరు చోట్ల ఆగిపోయాయి. మన సంఖ్యల్లో అలా జరగదని గణితవేత్త గౌస్ 1801లో నిరూపించి చూపించాడు. అందరిచేతా ఒకే వరస రాయిస్తే పిల్లలకు అది ఎలా కనిపిస్తుంది?

లెక్కల అయ్యవారు: కనిపించాలి, కాదనను. కానీ 360లో ఒక 2 జారితే 504తో హెచ్‌సీఎఫ్ (గ.సా.భా.) 72 బదులు 36 వస్తుంది. ఎల్‌సీఎం (క.సా.గు.) మాత్రం 2520 సరిగ్గానే వస్తుంది, 504లో మూడు రెళ్లు ఉన్నాయి కాబట్టి. తప్పు అలా దాక్కుంటుంది. దాన్ని పట్టుకోవాలంటే చెట్టు చెట్టునూ చదవాలి.

మారతహళ్లి నాన్న: దిద్దడానికి నేనూ కూర్చుంటాను. 360కి రెండు వేర్వేరు చెట్లు, పక్కన ఒక భాగహారం వేయిద్దామా?

లెక్కల అయ్యవారు: సరే. చివరి వరుస గుణించి పక్కన 360 అని రాయని పుస్తకం మాత్రం నా దగ్గరికి పంపకండి.