"నాకైతే దేవుని పొందు ధన్యకరము": ఇక్కడ 'పొందు' క్రియా, నామవాచకమా?

అడిగినవారు:
అందరికీ వందనాలు. కీర్తన 73:28 మొదటి పాదం మీద ఒక సందేహం. "నాకైతే దేవుని పొందు ధన్యకరము." మా యూత్ మీటింగ్‌లో ఒకరు దీన్ని "దేవుణ్ణి పొందు, అది నీకు ధన్యత" అని ఆజ్ఞలా చదివారు. ఇంకొకరు "దేవుని దగ్గర నుంచి ఏదైనా పొందడం ధన్యకరం" అన్నారు. దేవునితో దగ్గరి సంబంధం గురించి చెప్పాలంటే నాకు మొదట గుర్తొచ్చే వచనం ఇదే, కానీ మాటను విడదీసి చెప్పమంటే తడబడ్డాను. అక్కా, మీరు వివరిస్తారా?

జవాబు:
తమ్ముడూ, మంచి చోట ఆగావు. ఇది నామవాచకమే. క్రియ అయితే మన బైబిలు భాషలో "పొందుట ధన్యకరము" అని ఉండాలి. మన తెలుగు బైబిలు అనువాదకులు క్రియను నామంగా మార్చినప్పుడు 'ట' చేరుస్తారు. మీకా 6:8 చూడు: "న్యాయముగా నడుచుకొనుటయు, కనికరమును ప్రేమించుటయు." ఇక్కడ 'ట' లేదు. కాబట్టి 'పొందు' దానంతట అది ఒక పేరు.

చిక్కు వచ్చేది 'దేవుని' దగ్గర. గ్రాంథికంలో 'దేవుని' అంటే 'దేవుడి యొక్క' అని షష్ఠి కావచ్చు, 'దేవుణ్ణి' అని ద్వితీయ కూడా కావచ్చు. ఈ తరం చెవికి 'పొందు' అనగానే ఉద్యోగం పొందడం, బహుమతి పొందడం గుర్తొస్తాయి. అందుకే ద్వితీయగా చదివేస్తారు. ఇక్కడున్నది షష్ఠి. దేవుని పొందు అంటే దేవుని చెలిమి, ఆయన చెంత ఉండటం. సజ్జనుల పొందు అంటే సజ్జనుల స్నేహం అన్నట్టే. నామంగా ఈ మాట మన రోజువారీ మాటల్లోంచి జారిపోయింది గానీ, దాని పిల్లలు పొందిక, పొందుపరచడం ఇంకా మనతోనే ఉన్నాయి.

హీబ్రూలో ఉన్నది 'కిర్వత్ ఎలోహీమ్'. దేవుని సామీప్యం అని అర్థం. మనం ఆయనకు దగ్గర కావడమా, ఆయన మనకు దగ్గర కావడమా? ఆ రెండు మాటల జంట రెండింటినీ ఇముడ్చుకుంటుంది. తెలుగులో 'సమీపము' అని పెట్టి ఉంటే దూరం కొలిచినట్టు ఉండేది, ఇద్దరి ప్రమేయం కనబడేది కాదు. పొందు ఒక్కరితో కుదరదు. అందుకే ఈ అనువాదం నాకు చాలా ఇష్టం.

ఇంకో సంగతి, 'నాకైతే'. ఆ 'ఐతే'ని తేలిగ్గా దాటవద్దు. పక్కన ఎవరో ఉన్నారు, వాళ్లకు వేరే ఏదో మేలుగా కనబడుతోంది, నా సంగతి మాత్రం ఇది అని చెప్పే ముక్క అది. ఆ పక్కవాళ్లు ఎవరో 3వ వచనంలోనే ఉంది: "భక్తిహీనుల క్షేమము నా కంటబడినప్పుడు గర్వించువారినిబట్టి నేను మత్సరపడితిని." ఈ కీర్తన పాడిన ఆసాపు ఈర్ష్యతో కుమిలిన మనిషి. అతని 'నాకైతే' సుఖంగా కూర్చుని అన్నది కాదు.

'ధన్యకరము' దగ్గర మాత్రం మన అనువాదంలో ఒక అందం పోయింది. మూలంలో ఉన్నది 'తోవ్', అంటే మంచి, మేలు. అదే మాట ఒకటో వచనంలోనూ ఉంది. మనవాళ్లు అక్కడ 'దయాళుడై యున్నాడు' అన్నారు. దేవుడు ఇశ్రాయేలుకు మంచివాడు అని కీర్తన మొదలవుతుంది, దేవుని పొందు నాకు మంచిది అని చివరికి వస్తుంది. అందరూ ఒప్పుకునే సిద్ధాంతం ఒక మనిషి సొంత మాటగా మారడానికి మధ్యలో ఇరవై ఆరు వచనాలు పట్టాయి.

మరొకరు:
వివరణ బాగుంది సిస్టర్. కానీ ఒక అభ్యంతరం. పదకవిత్వంలో నాయిక కోరే 'పొందు' వేరు కదా. ఆ మాటకు దాంపత్య, శృంగార అర్థం బలంగా ఉంది. దేవుని విషయంలో వాడటం పెద్దలకు ఇబ్బందిగా ఉంటుంది. 'సాన్నిధ్యం' అంటే సరిపోదా?

జవాబు:
గౌరవంగానే విభేదిస్తాను బ్రదర్. ఆ అర్థం ఉండటమే ఇక్కడ అవసరం. ముందు వచనం చూడండి, 27: "నిన్ను విడిచి వ్యభిచరించువారినందరిని నీవు సంహరించెదవు." దేవుణ్ణి వదిలిపోవడాన్ని కీర్తనకారుడు దాంపత్య ద్రోహంగా చెప్పాడు. ఆ వెంటనే వచ్చే 'నాకైతే'కి ఎదురుగా నిలబడగల మాట కావాలి. సాన్నిధ్యం గంభీరంగానే ఉంటుంది, కానీ సన్నిధిలో చేతులు కట్టుకుని దూరంగా కూడా నిలబడవచ్చు. వ్యభిచారం అన్న మాటకు జవాబు చెప్పాలంటే పొందే చెప్పాలి.

ఇది తెలుగువాళ్లకు మాత్రమే తట్టింది కాదు. క్రీస్తుకు పూర్వం యూదులు చేసుకున్న గ్రీకు అనువాదం సెప్టువజింట్‌లో ఈ వచనానికి 'ప్రోస్కొల్లాస్థై' అనే క్రియ వాడారు, అంటే అంటిపెట్టుకోవడం. ఆదికాండము 2:24లో "తన భార్యను హత్తుకొనును" అన్నచోట గ్రీకులో అదే క్రియ. ఆ ఆదికాండపు మాటనే పౌలు ఎఫెసీయులకు రాసిన పత్రిక 5వ అధ్యాయంలో ఎత్తి చెప్పి, "ఈ మర్మము గొప్పది, అయితే నేను క్రీస్తునుగూర్చియు సంఘమునుగూర్చియు చెప్పుచున్నాను" అన్నాడు. పెద్దల ఇబ్బందిని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. కానీ లేఖనమే ఆ పోలికకు వెనకాడనప్పుడు మనం మాటను చల్లార్చకూడదు.

ఇంకొకరు:
యోబు 22:21 కూడా ఇక్కడ కలపవచ్చు కదా. "ఆయనతో సహవాసముచేసినయెడల నీకు సమాధానము కలుగును." పొందు, సహవాసం ఒకటేనా?

జవాబు:
దగ్గరి మాటలే, కానీ ఆ వచనాన్ని కలిపేముందు ఎవరు పలికారో చూడాలి. యోబు స్నేహితుడు ఎలీఫజు. నష్టాల్లో మునిగిన యోబుతో, నువ్వు పాపం చేశావు కాబట్టే ఇదంతా, ఆయనతో రాజీపడు, నీకు మేలు కలుగుతుంది అని చెబుతున్నాడు. ఆ మాటలో దేవునితో స్నేహం మేలుకు దారి. 42:7లో దేవుడే ఎలీఫజు మీద కోపపడి, నా సేవకుడైన యోబులా మీరు నన్నుగూర్చి యుక్తమైనది పలకలేదు అంటాడు. ఆసాపు మాట తిరగేసి ఉంది. దేవుని పొందు వల్ల నాకు మేలు కలిగింది అనడం లేదు, ఆ పొందే మేలు అంటున్నాడు. 25వ వచనం ఇంకా తేటగా చెబుతుంది: "నీవు నాకుండగా లోకములోనిది ఏదియు నాకక్కరలేదు."

సహవాసం అన్న మాటకు గట్టి ఆధారం కావాలంటే 1 యోహాను 1:3 తీసుకోండి: "మన సహవాసమైతే తండ్రితో కూడను ఆయన కుమారుడైన యేసుక్రీస్తుతో కూడను ఉన్నది." సహవాసంలో సంఘమంతా ఉంటుంది. ఆసాపు పొందులో 'నాకైతే' అనే ఒక్కడు ఉన్నాడు. క్రైస్తవ జీవితానికి రెండూ కావాలి, ఒకదాని బదులు ఇంకొకటి కుదరదు.

అడిగినవారు:
అక్కా, ఇంకో మాట. ఈ పొందు ఎలా కలుగుతుందో కీర్తనలో ఉందా? ప్రార్థన చెయ్యి, వాక్యం చదువు అని చెబితే పిల్లలు తల ఊపుతారు, అంతే.

జవాబు:
ఉంది, అదీ వ్యాకరణంలో ఉంది. మొదటి పద్నాలుగు వచనాల్లో ఎక్కడా 'నీవు' లేదు. భక్తిహీనుల గురించి, తన గురించి, దేవుని గురించి మాట్లాడతాడు, దేవునితో మాట్లాడడు. 15లో "నీ కుమారుల వంశమును" అని మొదటిసారి 'నీ' వస్తుంది. 17లో పరిశుద్ధ స్థలంలోకి వెళ్తాడు. 18 నుంచి ఇక ఎక్కువగా 'నీవు'. అతని పరిస్థితి మారినట్టు ఎక్కడా లేదు. 'ఆయన' కాస్తా 'నీవు' అయ్యాడు. 23వ కీర్తనలోనూ ఇంతే. పచ్చికగల చోట్ల 'ఆయన', గాఢాంధకారపు లోయలోకి రాగానే "నీవు నాకు తోడై యుందువు."

కాబట్టి పిల్లలకు నేను చెప్పేది ఒకటి: దేవుని గురించి నీకున్న ఫిర్యాదును దేవునితోనే చెప్పు. మంచి మాటలు దొరికేదాకా ఆగనక్కర్లేదు. ఆసాపు తనను తాను "తెలివిలేని పశుప్రాయుడనైతిని" అని చెప్పుకున్న వెంటనే "అయినను నేను ఎల్లప్పుడు నీయొద్దనున్నాను, నా కుడిచెయ్యి నీవు పట్టుకొని యున్నావు" అంటాడు. పట్టుకున్నది ఆయన. ఈ మాట చదివినప్పుడల్లా నాకు గొంతు పూడుకుపోతుంది. ప్రార్థన చేయలేకపోయిన రోజు కూడా ఆ చెయ్యి వదిలి ఉండదు కదా. మత్తయి 6:6లో ప్రభువు తలుపు వేసుకుని "రహస్యమందున్న నీ తండ్రికి" ప్రార్థించమన్నది కూడా ఈ 'నీవు' కోసమే. నలుగురిలో ఉంటే మాటలు నలుగురి కోసం తయారవుతాయి.

మరొకరు:
ఒప్పుకుంటున్నాను సిస్టర్, పొందే ఉండనివ్వండి. కానీ 'దేవుడు నాకు చాలా దగ్గర' అనే అనుభూతితోనే తృప్తిపడేవాళ్లు కూడా ఉన్నారు. దానికేమంటారు?

జవాబు:
ఆ హెచ్చరిక కూడా ఈ మాటలోనే ఉంది బ్రదర్. 'కిర్వా' అనే ఆ నామం పాత నిబంధనలో ఇంకొక్క చోటే కనబడుతుంది, యెషయా 58:2లో. అక్కడి జనం కూడా దేవుని సామీప్యాన్ని ఇష్టపడేవాళ్లే, ఉపవాసాలు ఉండేవాళ్లే. కానీ ఉపవాస దినాన పనివాళ్ల చేత కఠినమైన పని చేయించేవాళ్లు. దేవుడు ఆ సామీప్యాన్ని ఒప్పుకోలేదు. కాడి విప్పండి, ఆకలిగొన్నవానికి అన్నం పెట్టండి అన్నాడు.

కీర్తన 73 చివరి వచనంలోని తరువాతి మాట కూడా అటే చూపిస్తుంది: "నీ సర్వకార్యములను నేను తెలియజేయునట్లు." 15వ వచనంలో ఇదే మనిషి తన సందేహాలు బయటికి చెబితే దేవుని పిల్లలను మోసపుచ్చినట్టవుతుందని నోరు కట్టుకున్నాడు. ఇప్పుడు నోరు తెరుస్తున్నాడు, అదీ ఇతరుల కోసం. గోడ మీద రాసుకునేటప్పుడు మనం మొదటి పాదంతో ఆపేస్తాం. ఆపకుండా ఆ 'తెలియజేయునట్లు' దాకా రాయాలని నా మనవి.