1955 లె మాన్స్: ఆ రేసును ఆపి ఉండాల్సిందా?

పాతటైరు:
1955 జూన్ 11న ఫ్రాన్స్‌లో లె మాన్స్ 24 గంటల కార్ల రేసు మొదలైన రెండున్నర గంటలకే పియర్ లెవెగ్ నడుపుతున్న మెర్సిడెస్ గాల్లోకి లేచి జనం వైపు దూసుకుపోయింది. లెవెగ్‌తో పాటు 80 మందికి పైగా ప్రేక్షకులు చనిపోయారు. అయినా మర్నాడు సాయంత్రం నాలుగు దాకా రేసు నడిపించారు. శవాలను పక్కన పెట్టుకుని ల్యాపులు లెక్కపెట్టడమా?

నాలుగోగేరు:
రేసు డైరెక్టరు షార్ల్ ఫారూ చెప్పిన కారణాన్ని అంత తేలిగ్గా తీసిపారేయకండి. ఆపితే లక్షలాది జనం ఒక్కసారిగా రోడ్డెక్కేవారు, అంబులెన్సులకు దారి ఉండేది కాదు.

పాతటైరు:
సాయంత్రానికి ఆ మాట చెల్లుతుంది. రాత్రికి? తమ డ్రైవర్లు ఫాంజియో, మాస్‌ల కారు రెండు ల్యాపుల ముందున్నా సరే, అర్ధరాత్రి దాటాక మెర్సిడెస్ తన మిగతా రెండు కార్లనూ వెనక్కి పిలిచింది. మీరూ తప్పుకోండని అడిగితే జాగ్వార్ మేనేజరు లాఫ్టీ ఇంగ్లండ్ ససేమిరా అన్నాడు. చివరికి మైక్ హాథార్న్, ఐవర్ బ్యూబ్‌లతో గెలిచిందీ జాగ్వారే.

నాలుగోగేరు:
తప్పుకుంటే ప్రమాదం తమ కారు వల్లేనని ఒప్పుకున్నట్టే అవుతుంది కదండీ! పైగా జాగ్వార్ అధిపతి విలియం లయన్స్ ఒక్కగానొక్క కొడుకు ఆ రేసుకు వస్తూ దారిలోనే ప్రమాదంలో పోయాడు. ఆ జట్టుకు చావు బరువు తెలియదని ఎలా అంటారు?

పిట్టగోడ:
మీరిద్దరూ ప్రమాదం జరిగాక సంగతే పట్టుకున్నారు. అసలు ఆ దారి ఎలా ఉందో చూడండి. కార్లు ఆగే పిట్లకూ రేసు దారికీ మధ్య గోడే లేదు. పిట్‌లో ఆగడానికి హాథార్న్ బ్రేకు వేశాడు. వెనక ఉన్న మాక్లిన్ తన ఆస్టిన్ హీలీ కారును ఎడమకు తిప్పాడు. వేగంగా వస్తున్న లెవెగ్ కారు హీలీ ఏటవాలు వెనక భాగం మీదికి ఎక్కి ఎగిరింది. జనానికి అడ్డుగా ఉన్నది ఒక మట్టికట్ట. కారు దానికి కొట్టుకోగానే ఇంజను, ముందు ఇరుసు ఊడి గుంపులోకి దూసుకెళ్లాయి. బాడీ మెగ్నీషియం మిశ్రమ లోహం, నీళ్లు పోసేకొద్దీ మంట రేగింది. విచారణలో ఏ డ్రైవరునూ తప్పుపట్టలేదు, లోపం దారిదేనన్నారు. మరుసటి ఏడు రేసును జులైకి జరిపి మరీ పిట్ల దగ్గర దారిని వెడల్పు చేశారు.

పాతటైరు:
దారి సంగతి ఒప్పుకుంటాను. జాగ్వార్‌నూ వదిలేస్తాను. కానీ ఆపే అధికారం ఉన్నది నిర్వాహకులకు. ఆదివారం తెల్లవారాక కూడా జెండా ఊపకపోవడానికి అంబులెన్సుల కారణం ఎలా వర్తిస్తుందో నాలుగోగేరు గారే చెప్పాలి.