సియాటిల్‌కు కొత్తగా వచ్చినవారికి: సౌండర్స్ 1974 నాటి జట్టా, 2009 నాటి జట్టా?

ప్రశ్న – బెల్లెవ్యూ నుంచి ఒక సభ్యుడు

సభ్యులందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా హైదరాబాదు నుంచి ఇక్కడికి వచ్చి మూడు నెలలయింది. క్రికెట్ తప్ప మరో ఆటను శ్రద్ధగా చూసినవాణ్ణి కాను. మా ఆఫీసులో యాభై అయిదేళ్ళ పెద్దాయన ఒకరు వచ్చే నెల సౌండర్స్ సాకర్ (మనం ఫుట్‌బాల్ అనే ఆట) మ్యాచ్‌కు కుటుంబంతో సహా రమ్మని పిలిచారు. చిన్నప్పుడు తన తండ్రి వేలు పట్టుకుని ఈ జట్టు ఆటలకు వెళ్ళేవాణ్ణని ఆయన చెప్పారు. ఇంటికి వచ్చి చదివితే ఇది 2009లో లీగులో చేరిన ఎక్స్‌పాన్షన్ జట్టు అని ఉంది. నాకు లెక్క కుదరలేదు. ఆయననే అడిగితే నొచ్చుకుంటారేమోనని ఇక్కడ అడుగుతున్నాను. వెళ్ళేముందు ఏమేమి తెలుసుకోవాలో పెద్దలు చెప్పగలరు.

జవాబు – సమామిష్ నుంచి

ఆయన చెప్పిందీ నిజమే, మీరు చదివిందీ నిజమే. 2009లో లీగులో అడుగుపెట్టిన ఈ క్లబ్బే 2024లో తన యాభయ్యవ ఏటి వేడుక జరుపుకుంది. ఈ చిక్కు విడిపోతే ఆ రోజు స్టేడియంలో మీ చుట్టూ కూర్చున్న మనుషులు మీకు అర్థమవుతారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఎక్స్‌పాన్షన్ అంటే ఏమిటో చెబుతాను. యూరప్‌లో లాగా కింది లీగులో గెలిచి పై లీగుకు ఎక్కే పద్ధతి ఇక్కడి మేజర్ లీగ్ సాకర్‌లో లేదు. లీగు ఒక నగరాన్ని ఎంచుకుని, యజమానుల దగ్గర ప్రవేశ రుసుము తీసుకుని, ఫలానా ఏడు నుంచి ఆడుకోమని హక్కు ఇస్తుంది. సియాటిల్‌కు ఆ హక్కు 2007 నవంబరు 13న దక్కింది; రుసుము 3 కోట్ల డాలర్లు. అప్పటి యజమానులు నలుగురు: హాలీవుడ్ నిర్మాత జో రాత్, మైక్రోసాఫ్ట్ స్థాపకులలో ఒకరైన పాల్ ఆలెన్, టెలివిజన్ హాస్యనటుడు డ్రూ కేరీ, అప్పటికే కింది స్థాయి లీగులో సౌండర్స్ అన్న పేరుతోనే జట్టును నడుపుతున్న స్థానికుడు ఏడ్రియన్ హనావర్.

ఆ కింది స్థాయి జట్టుకు ఆ పేరు ఎక్కడిదన్నదే అసలు కథ. నార్త్ అమెరికన్ సాకర్ లీగులో తొలి సౌండర్స్ 1974లో పుట్టారు. స్పేస్ నీడిల్ పక్కనున్న మెమోరియల్ స్టేడియంలో మొదట ఆడారు. 1976 ఏప్రిల్ 9న కింగ్‌డోమ్ అనే, పైకప్పు ఉన్న పెద్ద స్టేడియంలో జరిగిన మొట్టమొదటి ఆట వీరిదే. ఎదుట న్యూయార్క్ కాస్మోస్, అందులో పెలే. ఆ సాయంత్రం 58,000 మందికి పైగా వచ్చారు. మీ ఆఫీసు పెద్దాయన లెక్క ఇక్కడ కుదురుతుందని నా ఊహ. ఆ క్లబ్బు 1983లో మూతపడింది. పదకొండేళ్ళ తరవాత, 1994లో, రెండో స్థాయి లీగులో అదే పేరు తిరిగి వచ్చింది. చూసేవారు వేలల్లోనే ఉన్నా ఆ జట్టు 1995, 1996, 2005, 2007 సంవత్సరాలలో తన లీగు విజేతగా నిలిచింది.

1996లో మేజర్ లీగ్ సాకర్ మొదలైనప్పుడు సియాటిల్‌కు చోటు దక్కలేదు, తగిన స్టేడియం లేకపోవడం అందుకు పెద్ద కారణం. మరుసటి ఏడు జూన్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు సీహాక్స్ కోసం కొత్త స్టేడియం కట్టాలా వద్దా అని రాష్ట్రమంతటా ఓటు జరిగితే, అందులో సాకర్ కూడా ఆడిస్తారన్న హామీతో సాకర్ అభిమానులు ఊరూరా ప్రచారం చేశారు. ప్రతిపాదన చాలా స్వల్ప తేడాతో గట్టెక్కింది. ఇప్పుడు మనం లూమెన్ ఫీల్డ్ అని పిలిచే ఆ స్టేడియం 2002లో తెరుచుకుంది. సాకర్ వాళ్ళు ఓటు వేసి కట్టించుకున్న ఆ స్టేడియంలో తమ జట్టును పెద్ద లీగులో చూడడానికి మరో ఏడేళ్ళు ఆగారు. ఈ నిరీక్షణ తెలియకుండా వారి కేకలు వింటే అది వట్టి గోలగా అనిపించవచ్చు.

ఇక పేరు విషయం. 2008 వసంతంలో కొత్త జట్టుకు పేరు ఎంచుకోమని క్లబ్బు ప్రజలనే అడిగింది. ఇచ్చిన పేర్లు మూడు: సియాటిల్ ఎఫ్‌సీ, సియాటిల్ రిపబ్లిక్, సియాటిల్ అలయన్స్. వాటిలో సౌండర్స్ లేదు. కొత్త ఆరంభానికి కొత్త పేరు ఉండాలన్నది యజమానుల ఆలోచన. జనం ఒప్పుకోలేదు. అభ్యంతరాలు వెల్లువెత్తాక, తమకు నచ్చిన పేరు తామే రాసుకునే వీలు కల్పించారు. ఓటు వేసినవారిలో దాదాపు సగం మంది ఆ ఖాళీలో సౌండర్స్ అనే రాశారు. ఏప్రిల్ 7న క్లబ్బు సియాటిల్ సౌండర్స్ ఎఫ్‌సీ అని ప్రకటించింది. మన హైదరాబాదులో 2012లో డెక్కన్ చార్జర్స్ పోయి సన్‌రైజర్స్ వచ్చినప్పుడు పేరు, రంగు, యజమాని అన్నీ మారిపోయాయి. పాత పేరే కావాలని ఊరు పట్టుబట్టినట్టు నాకు గుర్తు లేదు. ఐపీఎల్ అలవాటుతో వచ్చిన మనకు అందుకే ఈ సంగతి మొదట వింతగా ఉంటుంది. ఇక్కడ హక్కు యజమానులు కొన్నారు, పేరు మాత్రం ఊరు నిలబెట్టుకుంది.

అదే 2008 వేసవిలో నలభై ఒక్క ఏళ్ళుగా ఊళ్ళో ఉన్న బాస్కెట్‌బాల్ జట్టు సోనిక్స్‌ను యజమానులు ఓక్లహామా సిటీకి తరలించుకుపోయారు. నేను ఈ ఊరికి వచ్చిన కొత్తలు అవి. లిఫ్టులో, క్యాంటీనులో, బస్సులో ఎక్కడ చూసినా అదే బాధ. ఆ దుఃఖం సౌండర్స్‌కు ఎంతమందిని తెచ్చిందో లెక్క తీయలేం గానీ, ఇక ఏ యజమానీ తమ జట్టును తమకు తెలియకుండా తీసుకుపోకూడదన్న పట్టుదల అప్పటి మాటల్లో నేను స్వయంగా విన్నాను. డ్రూ కేరీ బార్సిలోనా క్లబ్బును చూసి తెచ్చిన ఏర్పాటు ఆ మనఃస్థితికి సరిగ్గా సరిపోయింది: అలయన్స్ అన్న అభిమానుల సంఘంలో సభ్యులైనవారు నాలుగేళ్ళకోసారి జనరల్ మేనేజర్‌ను ఉంచాలా తీసివేయాలా అని ఓటు వేస్తారు. మొదటి ఓటు 2012లో జరిగింది; అప్పుడు ఆ పదవిలో ఉన్న హనావర్‌నే కొనసాగించారు.

2009 మార్చి 19న తొలి మ్యాచ్, ప్రత్యర్థి న్యూయార్క్ రెడ్ బుల్స్. 32,523 మంది చూస్తుండగా సౌండర్స్ 3-0తో గెలిచారు. కొలంబియా యువకుడు ఫ్రెడీ మోంటెరో రెండు గోల్స్ చేసి, మిగిలిన గోల్‌కు బంతిని బ్రాడ్ ఎవాన్స్‌కు అందించాడు. ఆకుపచ్చ జెర్సీ మీద మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్‌బాక్స్ 360 లైవ్ అన్న అక్షరాలు. రెడ్‌మండ్‌లోని ఆ కంపెనీలో పనిచేసే మనవాళ్ళు చాలామంది ఈ జట్టును మొదట గమనించింది ఆ జెర్సీ వల్లనే. ఆ ఏడు సీజన్ టికెట్లు దాదాపు 22,000 అమ్ముడయ్యాయి. సొంత మైదానంలో సగటున 31,000 మంది వరకు వచ్చారు. ఆ లీగులో అంతకుముందు ఏ జట్టుకూ అంత సగటు లేదు.

మరో మాట – బెల్లెవ్యూ సభ్యుడు

ఎంతో శ్రమ తీసుకుని రాసినందుకు కృతజ్ఞతలు. ఒక చిన్న సందేహం. కింది స్థాయి జట్టులోని వారే పై లీగుకు వచ్చేశారా? లేక ఐపీఎల్ వేలం లాంటిది ఏదైనా జరిగిందా?

జవాబు – సమామిష్ నుంచి

వేలం కాదు. 2008 నవంబరులో ఎక్స్‌పాన్షన్ డ్రాఫ్ట్ జరిగింది. పాత జట్లు తమకు ముఖ్యమైన కొందరిని కాపాడుకోగా, మిగిలినవారిలోంచి సియాటిల్ పదిమందిని ఎంచుకుంది. బ్రాడ్ ఎవాన్స్ అలా వచ్చినవాడే. కాలేజీ ఆటగాళ్ళ డ్రాఫ్టులో మొదటి ఎంపిక హక్కు కూడా కొత్త జట్టుదే కాబట్టి స్టీవ్ జకువానీ వచ్చాడు. స్వీడన్ ఆటగాడు ఫ్రెడీ యుంగ్‌బర్గ్, ఇదే రాష్ట్రంలో పుట్టి యూరప్‌లో ఏళ్ళ తరబడి ఆడిన గోల్‌కీపర్ కేసీ కెల్లర్ చేరారు. కింది స్థాయి జట్టు నుంచి సెబాస్టియన్ లె తూ, రోజర్ లెవెక్ వంటి కొందరు కొనసాగారు. కోచ్‌గా సిగి ష్మిడ్‌ను తెచ్చారు. ఆయన కొద్ది వారాల ముందే కొలంబస్ జట్టును లీగు విజేతగా నిలిపారు.

నా దృష్టిలో ఆ తొలి ఏటి ప్రాణం లీగు మ్యాచ్‌లలో కన్నా యూఎస్ ఓపెన్ కప్‌లో ఉంది. ఇది 1914 నుంచి జరుగుతున్న పోటీ. చిన్న క్లబ్బులు, పెద్ద క్లబ్బులు కలిసి ఆడతాయి. సౌండర్స్ మొదట అర్హత మ్యాచ్‌లు ఆడి, సియాటిల్ పక్కనున్న టక్విలాలోని స్టార్‌ఫైర్ అనే చిన్న మైదానం మీదుగా పైకి వచ్చారు. జులై 1న పోర్ట్‌లాండ్‌లో, 1975 నుంచి బద్ధప్రత్యర్థి అయిన టింబర్స్ మీద లెవెక్ తొలి నిమిషంలోనే గోల్ చేసి, నరికిన చెట్టులా నేలకు ఒరిగాడు. టింబర్స్ గుర్తు గొడ్డలి కదా! సెప్టెంబరు 2న రాజధాని వాషింగ్టన్ డీసీలో డీసీ యునైటెడ్‌ను 2-1తో ఓడించి కప్పు తెచ్చారు. ఆ రెండో గోల్ కూడా లెవెక్‌దే. వరుసగా 2010, 2011లలో మళ్ళీ గెలిచారు. లీగు టైటిల్ మాత్రం 2016 దాకా రాలేదు.

ఆ 2016 విజయం నాటి కోచ్ బ్రయన్ ష్మెట్‌జర్ పేరు తప్పక గుర్తుంచుకోండి. ఆయన సియాటిల్ కుర్రవాడు. 1980లో హైస్కూలు ముగించి నేరుగా పాత సౌండర్స్‌లో చేరారు, 2002 నుంచి కింది స్థాయి సౌండర్స్‌కు కోచ్‌గా ఉన్నారు, 2009లో కొత్త జట్టుకు సహాయ కోచ్ అయ్యారు, 2016లో ముఖ్య కోచ్ అయ్యారు. మీరు అడిగిన లెక్కకు ఆ ఒక్క మనిషి జీవితమే జవాబు.

జవాబు – రెంటన్ నుంచి

పై సభ్యులు చెప్పిన చరిత్రకు నేను కలపవలసింది కొంచెమే. చిన్నపిల్లలు ఉంటే దక్షిణం వైపు గోల్ వెనక సీట్లు తీసుకోకండి. అక్కడ అభిమాన సంఘాలవారు ఆట ముగిసేదాకా నిలబడే ఉంటారు, పిల్లలకు ఏమీ కనిపించదు. మ్యాచ్‌కు ముందు పయనీర్ స్క్వేర్‌లోని ఆక్సిడెంటల్ పార్కు దగ్గర నుంచి పాటలతో నడిచి వెళ్ళే ఊరేగింపు 2009 నుంచీ ఉంది. పిల్లలు సంబరంగా నడుస్తారు. కారు తీయకుండా లైట్ రెయిల్‌లో వెళ్ళండి. ఆ రైలు కూడా జట్టు మొదటి సీజన్ మధ్యలో, 2009 జులైలో మొదలైందే. మెడలో వేసుకునే ఆకుపచ్చ స్కార్ఫ్, అంటే మన మఫ్లర్ లాంటిది, ముందే కొనవద్దు. మీ పెద్దాయన ఇంట్లో పాతది ఒకటి తప్పక ఉంటుంది, అడిగితే ఆనందంగా తెస్తారు.

ఆయన నొచ్చుకుంటారని సంకోచించనక్కరలేదు. 2009 ప్రస్తావన తేకుండా, నాన్నగారు మిమ్మల్ని మొదటిసారి ఏ ఏడు తీసుకువెళ్ళారు, అప్పుడు ఎదుటి జట్టు ఏది అని అడిగి చూడండి. స్టేడియం చేరేదాకా ఆయనే చెబుతారు.